ఒక్క క్లిక్కు, రెండు బిల్లులు: ఒక బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ కేస్ స్టడీ

ఈ కేసు రాయడానికి కారణం ఒకటే. తప్పు కోడ్‌లో ఉంది, నింద కౌంటర్ దగ్గర కూర్చున్న ఒక ఉద్యోగిని మీద పడింది. ఆ నింద తొలగడానికి ఏడు వారాలు పట్టింది. అందులో కనీసం నాలుగు వారాల ఆలస్యం నాది. డెస్క్‌టాప్ అప్లికేషన్లు రాసేవాళ్లకు, అంతకంటే ఎక్కువగా ఇంకొకరు రాసిన పాత అప్లికేషన్లను కాపాడుకుంటూ వస్తున్నవాళ్లకు ఇది పనికొస్తుందని నమ్ముతున్నాను. సంస్థను, మనుషులను గుర్తుపట్టే వివరాలు తీసేశాను. కొన్ని అంకెలు మార్చాను. సాంకేతిక విషయం మాత్రం జరిగింది జరిగినట్టే ఉంది.

నేపథ్యం

హైదరాబాద్‌లో కోఠి చుట్టుపక్కల మందుల హోల్‌సేల్ దుకాణాలు చూసినవాళ్లకు ఈ దృశ్యం కొత్త కాదు. ఇరుకు మెట్లు, మొదటి అంతస్తులో రెండు కౌంటర్లు, వెనక గదుల్లో పైకప్పు దాకా అరలు, ఫోనులో ఆర్డర్లు చదివే మెడికల్ షాపులవాళ్లు. ఉదయం తొమ్మిదిన్నర నుంచి రాత్రి తొమ్మిది దాకా బిల్లింగ్ ఆగదు. బిల్లులు రెండు రకాలు. అప్పటికప్పుడు డబ్బిచ్చి సరుకు తీసుకెళ్లేవి నగదు బిల్లులు. రోజూ సరుకు తెప్పించుకుని పదిహేను రోజులకో నెలకో చెల్లించే షాపులవి క్రెడిట్ బిల్లులు. ఈ తేడాను గుర్తుంచుకోండి, దీని అవసరం మళ్లీ వస్తుంది.

అలాంటి ఒక దుకాణంలోని బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ మొదట వీబీ 6 (విజువల్ బేసిక్ 6)లో ఉండేది. తర్వాత ఎవరో దాన్ని సీ షార్ప్ భాషలో, విండోస్ తెరలు కట్టే విన్‌ఫార్మ్స్ మీద తిరగరాశారు. 2017 జూలైలో జీఎస్టీ వచ్చినప్పుడు ఇంకొకరు పన్నుల భాగం మార్చారు. వెనక డేటాబేస్‌గా ఎస్‌క్యూఎల్ సర్వర్. నా చేతికి వచ్చేసరికి దాన్ని రాసిన ఇద్దరూ అందుబాటులో లేరు.

ఈవెంట్లను, అంటే బటన్ నొక్కడం లాంటి సంఘటనలను, కోడ్‌కు కలిపే పద్ధతి గురించి ఇక్కడే కొంచెం చెప్పాలి. ఆ కలయికను తీగ అందాం. వీబీ 6లో పేరే తీగ. బటన్ పేరు, కింద ఒక గీత, ఆ తర్వాత క్లిక్ అన్న మాట. ప్రొసీజర్ పేరు అలా ఉంటే బటన్‌కు కలిసినట్టే. బటన్ పేరు మార్చి ప్రొసీజర్ పేరు మార్చడం మరిచిపోతే ఆ కోడ్ అనాథ అవుతుంది. ఎర్రర్ రాదు, బటన్ నొక్కితే ఏమీ జరగదు. సీ షార్ప్ నడిచే డాట్ నెట్‌లో తీగ వేరుగా కనిపిస్తుంది. బటన్ క్లిక్ ఈవెంట్‌కు += గుర్తుతో ఒక మెథడ్‌ను (పేరు పెట్టిన కోడ్ ముక్కను) తగిలిస్తాం, -= గుర్తుతో విప్పుతాం. అయితే అమీర్‌పేట కోచింగ్ క్లాసుల్లో మాలాంటివాళ్లు నేర్చుకున్న దారి వేరు. తెరను గీసుకునే డిజైనర్‌లో బటన్ మీద డబుల్ క్లిక్ చేస్తే ఖాళీ మెథడ్ తయారై ఎదుట నిలుస్తుంది, లోపల కోడ్ రాసుకుంటాం. తగిలించే లైనును విజువల్ స్టూడియో (మేం కోడ్ రాసే సాధనం) డిజైనర్ ఫైలులో తనే రాసి పెడుతుంది. ఆ ఫైలు తెరవవద్దని చెబుతారు, మనం తెరవం. తీగ ఉందన్న సంగతే చాలామందికి ఏళ్ల తరబడి తట్టదు.

ఈ కేసుకు అవసరమైన ఇంకో సంగతి. డాట్ నెట్‌లో ఒక ఈవెంట్‌కు ఎన్ని మెథడ్లనైనా తగిలించవచ్చు. ఒకే మెథడ్‌ను రెండుసార్లు తగిలిస్తే, ఒక్క క్లిక్కుకు అది రెండుసార్లు నడుస్తుంది, తగిలించిన వరుసలో ఒకదాని తర్వాత ఒకటిగా. అందులో తప్పేముందని భాష అడగదు.

సమస్య

నెలాఖరు వసూళ్లలో దిల్‌సుఖ్‌నగర్ వైపు ఒక మెడికల్ షాపు యజమాని గొడవ పెట్టుకున్నారు. ఆయన లెడ్జర్‌లో ఒకే బిల్లు రెండుసార్లు పడింది. అవే మందులు, అవే బ్యాచ్ నంబర్లు, అదే మొత్తం, పక్కపక్క బిల్లు నంబర్లు. సరుకు మాత్రం ఒక్కసారే వెళ్లింది. వెనక్కి వెళ్లి వెతికితే ఆరు వారాల్లో అలాంటి జంటలు 23 దొరికాయి. ఒక చోట మాత్రం జంట కాదు, మూడు బిల్లులు.

పొరపాటున పడిన బిల్లును చెరిపేసి ఊరుకునే వీలు లేదు. జీఎస్టీ నిబంధనల ప్రకారం బిల్లు నంబర్లు వరుసగా ఉండాలి. రద్దయినవి ఎన్నో జీఎస్టీఆర్-1 రిటర్నులో జారీ చేసిన పత్రాల పట్టికలో చూపాలి. బ్యాచ్ వారీ స్టాకు తప్పుతుంది. అరలో పది పెట్టెలు ఉన్న మందు తెరమీద అయిపోయినట్టు కనిపిస్తే, వచ్చిన ఆర్డరు పక్క దుకాణానికి పోతుంది.

హోల్‌సేల్ దుకాణం యజమాని ఆ 23 జంటలను కాగితం మీద రాసి నా ముందు పెట్టారు. అన్నీ క్రెడిట్ బిల్లులే. అన్నీ రెండో కౌంటర్‌వే. అన్నీ మధ్యాహ్నం రెండు దాటాక పడ్డవే. ఒకటో కౌంటర్‌లో రోజంతా ఒకే మనిషి కూర్చుంటారు. రెండో కౌంటర్‌లో మధ్యాహ్నం రెండింటికి మనిషి మారుతారు. ఉదయం ఒకామె, ఆ తర్వాత రాత్రి దాకా ఇంకొకామె. రెండో ఆమె వయసులో చిన్న, చేరి ఏడాది కాలేదు.

"ఆ అమ్మాయికి చెయ్యి ఆగదు బాబూ, తడబడి రెండుసార్లు నొక్కుతోంది. మీరు ఒకసారి కూర్చోబెట్టి నేర్పండి" అన్నారాయన. అప్పటికే ఒక్కో జంటకు వంద రూపాయల చొప్పున ఆమె జీతంలో కోత పెట్టారు.

ఆ కాగితం చూసినప్పుడు నాకూ అలాగే అనిపించింది. కౌంటర్ ఒకటే, కంప్యూటర్ ఒకటే, సాఫ్ట్‌వేర్ ఒకటే. మారింది మనిషి. కాబట్టి కారణం మనిషే అనుకున్నాను. మనిషితో పాటు ఇంకేం మారిందని అడగాలన్న ఆలోచన ఆ రోజు రాలేదు.

చేసి చూసినవి

మొదట మౌస్ మార్చాం. ఇది తెలివితక్కువ పని కాదు. వాడగా వాడగా మౌస్ లోపలి స్విచ్చు అరిగి ఒక్క నొక్కుకు రెండు సంకేతాలు పంపడం నిజంగా జరుగుతుంది. కొత్త మౌస్ పెట్టిన మూడో రోజునే మరో జంట పడింది.

తర్వాత చాలామంది చేసే పనే నేనూ చేశాను. సేవ్ మొదలవగానే బటన్‌ను పనిచేయకుండా ఆపి, సేవ్ అయ్యాక మళ్లీ తెరిచాను. జంటలు ఆగలేదు. ఎందుకు ఆగలేదో చదువుతూ వెళితే ఒక మంచి కారణం దొరికింది, ఆ మంచి కారణమే నన్ను దారి తప్పించింది. అదేమిటంటే, సేవ్ పని తెరను నడిపే థ్రెడ్‌మీదే, అంటే తెర పనులన్నీ ఒకదాని తర్వాత ఒకటిగా జరిగే దారిలోనే, జరుగుతోంది. ఒక్కో సేవ్‌కు ఒకటిన్నర సెకను దాకా పడుతోంది. ఆ సమయంలో వాడుకరి చేసే క్లిక్కులను విండోస్ పారేయదు, వరుసలో నిలబెడుతుంది. మన కోడ్ పూర్తయి, బటన్ మళ్లీ తెరుచుకున్నాక, అవి ఒక్కొక్కటిగా బటన్‌కు చేరతాయి. అప్పటికి బటన్ పనిచేసే స్థితిలోనే ఉంటుంది. అంటే మొదట్లో మూసి చివర్లో తెరవడం వల్ల లాభం సున్నా. తలుపు మూసి ఉన్నంతసేపు వచ్చినవాళ్లు వెళ్లిపోలేదు, గుమ్మం ముందే కూర్చున్నారు.

ఇది అక్షరాలా నిజమైన లోపం, ఈ సాఫ్ట్‌వేర్‌లోనూ ఉంది. కానీ ఈ కేసుకు కారణం అది కాదు. లక్షణానికి సరిగ్గా సరిపోయే లోపం ఒకటి కనిపిస్తే దాన్నే కారణం అనుకోవడం ఎంత సులువో ఇక్కడ చూశాను.

వరుసలో నిలిచిన క్లిక్కులే కారణమని నమ్మి కాలంతో తాళం వేశాను. ఒక సేవ్ మొదలైన క్షణం నుంచి రెండు సెకన్ల లోపు ఇంకో సేవ్ వస్తే వదిలేయడం. జంటలు ఆగిపోయాయి. యజమానికి ఫోను చేసి పని అయిపోయిందని చెప్పాను. మూడు వారాలు ప్రశాంతం. నెలాఖరున లెక్కల గదిలో పెద్ద రిపోర్టులు నడిచి సర్వర్ నెమ్మదించింది. ఒక్కో సేవ్‌కు మూడు సెకన్లు పట్టింది. రెండు సెకన్ల తాళం గడువు దాటింది. ఒక్క సాయంత్రం ఐదు జంటలు పడ్డాయి.

సేవ్ ముగిసిన క్షణం నుంచి కొలిచి ఉంటే లక్షణం పూర్తిగా మాయమయ్యేది, కారణం లోపలే ఉండిపోయేది. ఆ కారణం చేస్తున్న ఇంకో పాడు పని, కింద చెబుతాను, ఎప్పటికీ బయటపడేది కాదు.

నోటు పుస్తకం

ఆ ఐదు జంటల మర్నాడు మెట్రోలో ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషన్ దిగి నడుచుకుంటూ వెళ్లాను. ఈసారి యజమాని గదికి కాకుండా తిన్నగా రెండో కౌంటర్‌కు వెళ్లి, నింద పడిన ఆ ఉద్యోగిని పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాను. రెండు గంటలు కూర్చున్నా ఒక్క జంట కూడా పడలేదు. క్రెడిట్ బిల్లు వచ్చింది రెండే. ఆమె సేవ్ బటన్‌ను ఎలా నొక్కుతున్నారో చూశాను. చూపుడు వేలు ఒక్కసారి దిగి లేచేది, ఆ వెంటనే చెయ్యి మౌస్‌ను వదిలి ఒడిలోకి వచ్చేది. రెండుసార్లు నొక్కారన్న మాట మళ్లీ పడకూడదని ఆమె తనకు తానే చేసుకున్న అలవాటది. అది చూశాక నాకు కుదురుగా ఉండబుద్ధి కాలేదు.

ఆమె డ్రాయరులోంచి చిన్న నోటు పుస్తకం తీసి చూపించారు. తాను చేసిన ప్రతి క్రెడిట్ బిల్లుకూ సేవ్‌కు ముందు తెర మీద ఉన్న నంబరు, సేవ్ తర్వాత వచ్చిన నంబరు రాసి పెట్టుకున్నారు. కొన్ని చోట్ల మధ్యలో ఒక నంబరు దాటి పోయింది. రెండు కౌంటర్లకూ నంబర్లు ఒకే వరుస కాబట్టి అలా దాటడం మామూలే. ఆమె అక్కడితో ఆగలేదు. దాటిన నంబరు ఒకటో కౌంటర్‌దా కాదా అని ఆ రోజు రాత్రే అడిగి, కాకపోతే పక్కన ఎర్ర పెన్నుతో చుక్క పెట్టారు.

"సార్, ఇంకో సంగతి. అక్క సెలవు పెట్టిన రోజు ఇలా జరగదు" అన్నారు.

అక్క అంటే ఉదయం కూర్చునే ఉద్యోగిని. ఆమె రాని రోజుల్లో ఈమే ఉదయం తొమ్మిదిన్నర నుంచి రాత్రి దాకా ఉంటారు. హాజరు పుస్తకంతో పోల్చి చూశాను. అలాంటి రోజులు నాలుగు. నాలుగింటిలోనూ ఒక్క జంట లేదు. చెయ్యి తడబడటమే కారణమైతే రెట్టింపు పని చేసిన రోజున జంటలు ఎక్కువ పడాలి, తగ్గకూడదు. మా సిద్ధాంతం ఆ నిమిషంలో కూలిపోయింది. కూల్చింది ఆమె లెక్కే.

అసలు కొలత

ఆఫీసుకు తిరిగి వచ్చి ముందు ఒక నిర్ణయం తీసుకోవలసి వచ్చింది. రోగం కనిపించాలంటే పైన వేసిన కట్లు విప్పాలి. బటన్ మూసే కోడ్, రెండు సెకన్ల తాళం రెండూ తీసేస్తానని యజమానికి చెప్పాను. "తగ్గినదాన్ని మళ్లీ తెస్తారా?" అని ఆయన అడగడం న్యాయమే. రెండో కౌంటర్‌లో మాత్రమే, ఒక్క వారమే, రోజూ రాత్రి జంటలను నేనే వెతికి రద్దు చేయిస్తానని ఒప్పించాను. సగం దాచిన లక్షణాన్ని కొలిస్తే సగం అబద్ధమే చేతికి వస్తుంది.

కొలవడానికి నాలుగు చోట్ల లాగ్ (ఏది ఎప్పుడు జరిగిందో సమయంతో పడే నమోదు) రాసే లైన్లు పెట్టాను. బటన్‌పై మౌస్ నొక్కినప్పుడు, వదిలినప్పుడు, సేవ్ మొదలైనప్పుడూ ముగిసినప్పుడూ. ఉద్దేశం స్పష్టం. వేలు ఎన్నిసార్లు దిగిందో, కోడ్ ఎన్నిసార్లు నడిచిందో వేర్వేరుగా తెలియాలి. అప్పటిదాకా అందరం ఆ రెండింటినీ ఒకటే అనుకుంటున్నాం.

రెండో రోజు సాయంత్రం ఇది వచ్చింది:

18:42:07.315 మౌస్ నొక్కారు
18:42:07.402 సేవ్ మొదలు
18:42:08.766 సేవ్ పూర్తి, బిల్లు 6231
18:42:08.768 సేవ్ మొదలు
18:42:10.051 సేవ్ పూర్తి, బిల్లు 6232
18:42:10.054 మౌస్ వదిలారు

నొక్కింది ఒక్కసారి. సేవ్ నడిచింది రెండుసార్లు. మొదటిది ముగియడానికీ రెండోది మొదలవడానికీ మధ్య 2 మిల్లీసెకన్లు. మనిషి వేలు అంత వేగంగా కదలదు. వరుసలో నిలిచిన క్లిక్కు అయితే మౌస్ నొక్కినట్టు ఇంకో లైను ఉండాలి. అదీ లేదు.

ఈ కాగితం చూపిస్తే యజమాని చివరి లైను మీద వేలు పెట్టారు. "చూడండి, దాదాపు మూడు సెకన్లు నొక్కి పట్టుకుంది. అందుకే రెండు పడ్డాయి." ఆయన చదివింది తప్పు కాదు, లాగ్ అలాగే ఉంది. విన్‌ఫార్మ్స్ బటన్‌కు ఈవెంట్లు వచ్చే వరుస ముందు మౌస్‌డౌన్ (నొక్కడం), తర్వాత క్లిక్, ఆ తర్వాతే మౌస్‌అప్ (వదలడం). వేలు లేచినప్పుడే క్లిక్ పుడుతుంది, కానీ మౌస్‌అప్ ఈవెంట్‌ను క్లిక్ పని మొత్తం పూర్తయ్యాకే మనకు చెబుతారు. అంటే 07.402 దగ్గర 'సేవ్ మొదలు' అని పడటమే వేలు అప్పటికే లేచిందనడానికి సాక్ష్యం. ఆయనకు నా మాట మీద నమ్మకం కుదరలేదు. ఖాళీ ఫారంలో ఒక్క బటన్ పెట్టి, ఐదు సెకన్లు ఆగే కోడ్ రాసి, ఆయన చేతే నొక్కించాను. వేలు తీసి చెయ్యి జేబులో పెట్టుకున్నాక ఐదు సెకన్లకు 'మౌస్ వదిలారు' అని పడింది. ఆయన ఏమీ అనలేదు, లాగ్ కాగితం మడిచి సొరుగులో పెట్టుకున్నారు.

కారణం

ఒక్క క్లిక్కుకు సేవ్ రెండుసార్లు నడిచిందంటే తీగలు రెండు ఉన్నట్టే. డిజైనర్ ఫైలులో సేవ్ బటన్‌కు తగిలించిన లైను అసలు లేదు. ప్రాజెక్టు అంతా += కోసం వెతికితే అది లాగిన్ తర్వాత నడిచే మెథడ్‌లో దొరికింది. రాసినవారి ఆలోచన ఇది. బిల్లు వేసే అనుమతి ఉన్న ఆపరేటర్ లాగిన్ అయితేనే సేవ్ బటన్‌కు కోడ్ తగిలించాలి, లేకపోతే బటన్ నొక్కినా ఏమీ జరగకూడదు. లాగౌట్ అయినప్పుడు -= తో విప్పేయాలి. విప్పే లైను కూడా రాశారు. ఆ లైను నేను మొదటి రోజే చదివాను. తగిలించడం ఉంది, విప్పడం ఉంది, సరిపోయింది అనుకుని దాటిపోయాను.

సరిపోలేదు. తగిలించింది పేరున్న మెథడ్‌ను కాదు, అక్కడికక్కడ రాసిన లాంబ్డాను, అంటే పేరులేని కోడ్ ముక్కను. విప్పే చోట అదే లాంబ్డాను అక్షరం పొల్లుపోకుండా మళ్లీ రాశారు. మన కంటికి రెండూ ఒకటే. సీ షార్ప్‌కు అవి రెండు వేర్వేరు వస్తువులు. -= తనకు ఇచ్చిన వస్తువు జాబితాలో ఉందా అని చూస్తుంది, లేకపోతే నిశ్శబ్దంగా ఊరుకుంటుంది. కంపైలర్ హెచ్చరించదు, నడిచేటప్పుడు ఎర్రర్ రాదు. ఒక తాళంచెవి నకలు తీసి, అసలును అప్పగించామనుకున్నట్టు.

ఇక అన్నీ వరుసగా విడిపోయాయి. లాగౌట్ అయితే బిల్లింగ్ ఫారం మూసుకోదు, దాక్కుంటుంది. మధ్యాహ్నం రెండింటికి రెండో ఆమె లాగిన్ అయితే ఉదయం తగిలించిన లాంబ్డా అలాగే ఉంది, దాని వెనక ఇంకొకటి చేరింది. అందుకే జంటలు మధ్యాహ్నం తర్వాతే. ఒకటో కౌంటర్‌లో మనిషి మారరు, అక్కడ ఎప్పుడూ తీగ ఒక్కటే. అక్క సెలవు రోజున కూడా అంతే. రాత్రి కంప్యూటర్ ఆపేస్తారు కాబట్టి మర్నాడు లెక్క మళ్లీ ఒకటి నుంచి మొదలవుతుంది.

నగదు బిల్లులు ఎందుకు జంటలు కాలేదు? నగదు బిల్లు సేవ్ కాగానే తెర ఖాళీ అవుతుంది. రెండో లాంబ్డా వచ్చి చూస్తే మందులేవీ లేవు, చడీచప్పుడు లేకుండా వెనక్కి పోతుంది. క్రెడిట్ బిల్లు మాత్రం రవాణా వివరాలు రాసుకోవడానికి తెర మీదే నిలుస్తుంది. రెండో లాంబ్డాకు సరుకుతో నిండిన తెర కనిపిస్తుంది, మళ్లీ సేవ్ చేస్తుంది. బటన్‌ను మూసినా లాభం లేకపోవడం కూడా ఇందుకే. క్లిక్ ఒకసారి పుట్టాక జాబితాలో ఉన్నవన్నీ నడుస్తాయి, మధ్యలో బటన్ మూసుకుందా అని ఎవరూ చూడరు.

ఆ పాడు పని సంగతి. లాంబ్డా తనతో పాటు ఆపరేటర్ పేరును కూడా పట్టుకుని ఉంది. మొదట నడిచే లాంబ్డా ఉదయం ఉద్యోగినిది. బిల్లుల పట్టికలో 'నమోదు చేసినవారు' అని ఒక గడి ఉంది, ఏ రిపోర్టులోనూ అది కనిపించదు. తెరిచి చూస్తే ప్రతి జంటలోనూ మొదటి బిల్లు అక్క పేరు మీద, రెండోది ఈమె పేరు మీద. రెండింటికే ఇంటికి వెళ్లిపోయిన మనిషి పేరుతో సాయంత్రం 6:42కు బిల్లు. మధ్యాహ్నం తర్వాత రెండో కౌంటర్‌లో పడిన నగదు బిల్లులన్నీ కూడా అక్క పేరు మీదే ఉన్నాయి. అంటే ఈ అమ్మాయి వేసిన వేల బిల్లులు పట్టికలో ఆమెవి కావు, అక్క సెలవు రోజులను వదిలేస్తే, ఆమె పేరు మీద మిగిలినవి జంటల్లోని రెండో బిల్లులే. మూడు బిల్లులు పడిన ఆ ఒక్క రోజున మధ్యాహ్నం అరగంట యజమాని బంధువు ఒకరు కూర్చున్నారట. ఆయన పేరు మధ్య బిల్లు మీద ఉంది.

మొదటి రోజు ఆ గడి తెరిచి ఉంటే ఏడు వారాలు ఏడు నిమిషాలయ్యేవి.

పనిచేసిన పరిష్కారం

మూడు మార్పులు చేశాను. వాటి వరుస గురించి ఎక్కువ ఆలోచించాను.

తీగను సరిచేయడం అన్నిటికంటే చిన్న పని. ఫారం తయారయ్యేటప్పుడు ఒక్కసారే నడిచే కన్‌స్ట్రక్టర్‌లో, డిజైనర్ కోడ్ నడిచాక, పేరున్న మెథడ్‌ను ఒక్కసారి తగిలించాను. లాగిన్‌కూ తీగకూ సంబంధం తెంచేశాను. అనుమతి లేకపోతే బటన్ మూసి ఉంటుంది, సేవ్ చేసే కోడ్ కూడా అనుమతిని మళ్లీ చూసుకుంటుంది. ఆపరేటర్ ఎవరన్నది సేవ్ క్షణంలో ప్రస్తుత లాగిన్‌ను అడిగి తెలుసుకుంటుంది. తగిలించే ముందు ప్రతిసారీ -= రాసి ఆ వెంటనే += రాస్తే చాలని కొందరు అంటారు. పేరున్న మెథడ్‌తో అది పనిచేస్తుంది. నేను ఒప్పుకోను. ఎన్నిసార్లు తగిలిస్తున్నామో మనకు తెలియదని ఒప్పుకునే కోడ్ అది. తెలిసేలా రాయాలి.

రెండోది డేటాబేస్‌లో. ఖాళీ బిల్లు తెర తెరుచుకోగానే దానికి ఒక ప్రత్యేక గుర్తు పుడుతుంది, బిల్లుతో పాటు పట్టికలోకి వెళుతుంది. ఆ గడి మీద, ఒకే విలువ రెండోసారి రాకుండా ఆపే యూనిక్ ఇండెక్స్ వేశాను. ఒకే తెర రెండుసార్లు సేవ్ అయితే రెండోదాన్ని సర్వర్ తిప్పికొడుతుంది. అరిగిన మౌస్ అయినా, వరుసలో నిలిచిన క్లిక్కు అయినా, మూడో తీగ అయినా ఇక జంట పుట్టదు. ఇక్కడే నాకు భయం. ఇది ముందే పెట్టి ఉంటే జంటలు ఆగేవి, పేర్లు తారుమారు కావడం మాత్రం ఆగేది కాదు, ఎవరికీ తెలిసేదీ కాదు. అందుకే తీగ సరిచేసి రెండు వారాలు లాగ్ చూశాక, ప్రతి క్లిక్కుకూ సేవ్ ఒక్కటే ఉందని రూఢి చేసుకున్నాకే ఇండెక్స్ వేశాను. తిప్పికొట్టిన ప్రతిసారీ లాగ్‌లో పడేలా, ఆ లాగ్ వారానికోసారి నాకు చేరేలా పెట్టాను.

మూడోది ఈ కేసుకు కారణం కాని ఆ మొదటి లోపం. సేవ్‌ను ఎవెయిట్‌తో, అంటే 2012లో సీ షార్ప్‌కు వచ్చిన పద్ధతిలో, తిరగరాశాను. సర్వర్ పని చేస్తున్నంతసేపు తెర తనకు వచ్చే క్లిక్కుల లాంటి సందేశాలను తాను చూసుకుంటూనే ఉంటుంది. మూసి ఉన్న బటన్ మీద పడిన క్లిక్కులు అప్పుడే వృథా అయిపోతాయి, వరుసలో నిలవవు. దీనితో ఒక కొత్త ప్రమాదం వస్తుంది. తెర సజీవంగా ఉంటుంది కాబట్టి సేవ్ జరుగుతుండగానే ఆపరేటర్ పరిమాణం మార్చవచ్చు. అందుకే సేవ్‌కు ముందు బిల్లు మొత్తాన్ని నకలు తీసుకుని ఆ నకలునే పంపాను, మందుల వరుసలుండే గ్రిడ్‌ను కూడా సేవ్ అయ్యేదాకా మూశాను.

ఈ పని చేస్తుంటే పక్కనున్న ఇంకో గుంత బయటపడింది. సేవ్‌కు పెద్ద బటన్‌తో పాటు పైన టూల్‌బార్‌లోనూ ఒక చిన్న బొమ్మ ఉంది. టూల్‌బార్ బటన్ నొక్కితే ఫోకస్, అంటే టైపు చేసేది పడే చోటు, గ్రిడ్‌లోంచి కదలదు. చివరి గడిలో టైపు చేస్తూ ఉన్న పరిమాణం ఇంకా గ్రిడ్‌లోకి చేరి ఉండదు. పది అని కొట్టి టూల్‌బార్ సేవ్ నొక్కితే పాత అంకె, ఒకటి, సేవ్ అవుతుంది. రెండు బటన్లనూ ఒకే మెథడ్‌కు కలిపి, అది మొదట గ్రిడ్‌లోని సవరణను ముగించేలా చేశాను.

నా పనిలో మారినవి

ఇప్పుడు ఏ పాత ప్రాజెక్టు చేతికి వచ్చినా మొదటి గంట += వెతకడానికి కేటాయిస్తాను. కన్‌స్ట్రక్టర్‌లో, డిజైనర్ ఫైలులో ఉన్నవాటిని వదిలేస్తాను. లాగిన్, రిఫ్రెష్, 'కొత్తది' లాంటి మళ్లీమళ్లీ నడిచే మెథడ్లలో ఉన్న ప్రతిదాన్నీ అనుమానిస్తాను. ఇది డాట్ నెట్ ఒక్కదాని జబ్బు కాదు. జావాలో తెరలు కట్టే స్వింగ్‌లో ఒకే లిజనర్‌ను (ఈవెంట్‌కు తగిలించే కోడ్‌ను) రెండుసార్లు చేరిస్తే రెండుసార్లు పిలుస్తుంది. సీ ప్లస్ ప్లస్‌లో తెరలు కట్టే క్యూట్‌లో రెండుసార్లు కనెక్ట్ చేసినా అంతే. రెండోసారి కలపకుండా ఆపే యూనిక్ కనెక్షన్ అనే ఏర్పాటు అక్కడ ఉన్నా, లాంబ్డాలకు అది పనిచేయదు.

క్లిక్ హ్యాండ్లర్‌లో, అంటే క్లిక్‌కు తగిలించిన మెథడ్‌లో, రెండు మూడు లైన్లకు మించి రాయడం మానేశాను. సేవ్ చేసే కోడ్‌కు బటన్ అనేది ఒకటుందని తెలియకూడదు. తెలియకపోతే తెర లేకుండానే పరీక్షించవచ్చు. వెంటవెంటనే రెండుసార్లు పిలిచి బిల్లు ఒక్కటే పుట్టిందా అని చూసే పరీక్ష ఇప్పుడు ఈ ప్రాజెక్టులో ఉంది, ప్రతి బిల్డ్‌కూ నడుస్తుంది.

ఫిర్యాదు వచ్చినప్పుడు అడిగే ప్రశ్నలూ మారాయి. "మీరు ఏం నొక్కారు?" అని అడగను. "జరగని రోజున ఏం వేరుగా ఉంది?" అని అడుగుతాను. ఆ ప్రశ్నకు జవాబు ఈ కేసులో ఐదో వారం నుంచే ఒక డ్రాయరులో రాసి ఉంది.

కోత పెట్టిన డబ్బు యజమాని తిరిగి ఇచ్చారు, అందరూ ఉన్నప్పుడే కౌంటర్ దగ్గరికి వచ్చి ఇచ్చారు. తప్పుడు పేర్లతో పడిన బిల్లులను లాగిన్ సమయాలతో పోల్చి సరిచేసే పని ఇంకా నడుస్తోంది. అదే వెతుకులాటలో కొనుగోలు వాపసు తెరలోనూ ఇలాంటి లాంబ్డానే కనిపించింది. గోడౌన్‌లో కొన్ని నెలలుగా స్టాకు తేడా వస్తోందని, అక్కడ పనిచేసే అబ్బాయిని రెండుసార్లు మందలించారని తెలిసింది. వచ్చే సోమవారం ఆ తెరకు లాగ్ పెడుతున్నాను. దానికంటే ముందు, శనివారం మధ్యాహ్నం, ఆ అబ్బాయి పక్కన కూర్చుంటాను.